పెడల్స్‌ను నేలకు కాదు, కుర్చీకి కట్టండి

ప్రశ్న: నాలుగు నెలల క్రితం స్టీరింగ్, పెడల్స్ సెట్ కొనుక్కున్నాను. మా గదిలో నున్నటి టైల్స్. చక్రాలున్న ఆఫీసు కుర్చీలో కూర్చుని సిమ్ రేసింగ్, అంటే తెర మీద నిజం కారులా నడిపే పందేల ఆట, ఆడతాను. బ్రేక్ గట్టిగా తొక్కిన ప్రతిసారీ పెడల్స్ ముందుకు జరిగిపోతున్నాయి. రెండు మూడు ల్యాపులకు ఒకసారి కాలితో వెనక్కి లాక్కోవాల్సి వస్తోంది. రెండు వైపులా అంటుకునే టేపు వేస్తే రెండు రోజులకే ఊడిపోయింది, నేల మీద జిగురు మరక మిగిలింది. గది నా ఒక్కడిది కాదు కనుక నేలకు గానీ గోడకు గానీ రంధ్రాలు చేయలేను. ఆట అయ్యాక అన్నీ తీసి పక్కన పెట్టాలి. బరువైన లోడ్ సెల్ పెడల్స్ కొంటే ఈ బాధ తప్పుతుందా?

సమాధానం: తప్పదు. ఇంకా పెరుగుతుంది. అందుకే మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతున్నాను. ఇప్పుడున్న పెడల్స్‌ను కదలకుండా నిలబెట్టేవరకు కొత్తవి కొనకండి. మామూలు సెట్‌లో బ్రేక్ పెడల్ ఎంత దూరం కదిలిందో కొలుస్తారు. లోడ్ సెల్ సెట్‌లో పాదం ఎంత బలంగా నొక్కిందో కొలుస్తారు. అంటే అది మీ కాలిని మరింత బలం పెట్టమని అడిగే యంత్రం. థ్రస్ట్‌మాస్టర్ టీ-ఎల్‌సీఎమ్ పెడల్స్‌లోని బ్రేక్ 100 కిలోల నొక్కుడును కొలిచేలా తయారైంది. అంత బలం మీరు ఎన్నడూ పెట్టరు, పెట్టనవసరం లేదు. కానీ అందులో మూడో వంతు పెట్టినా, ఈ రోజు రెండు అంగుళాలు జరుగుతున్న పెడల్స్ రేపు బల్ల అవతలికి పోతాయి.

ఇంకేమీ చేయకముందు ఒక చిన్న పరీక్ష చేయండి. తేలికగా ఊడివచ్చే కాగితపు టేపు ముక్క ఒకటి పెడల్స్ ముందు అంచు దగ్గర, మరొకటి కుర్చీ వెనుక చక్రం దగ్గర నేలకు అంటించండి. ఎప్పటిలా కూర్చుని అయిదారుసార్లు పూర్తి బలంతో బ్రేక్ తొక్కండి. దిగి రెండు గుర్తులూ చూడండి. పెడల్స్ ముందుకు జరిగి ఉంటాయి, అది మీకు తెలిసిందే. కుర్చీ వెనక్కి ఎంత జరిగిందో మాత్రం చాలామంది గమనించరు. నా మొదటి సెట్‌తో కొన్ని నెలలు నేను పెడల్స్‌నే అనుమానించాను. వాటి అడుగున రబ్బరు ముక్కలు మార్చాను, కింద రకరకాల చాపలు పరిచాను. ఒక రోజు ఇలాగే గుర్తులు పెట్టి చూస్తే, మధ్యలో పెరిగిన ఖాళీలో సగానికి పైగా కుర్చీ వెనక్కి పోవడం వల్ల వచ్చిందే. పెడల్స్ మీద పెట్టిన శ్రమ అంతా సగం సమస్య మీదే పెట్టానని అప్పుడు అర్థమైంది.

నీటి మీద ఒక పడవలో కూర్చుని పక్క పడవను కాలితో నెడితే రెండూ చెరో వైపు పోతాయి. మీ గదిలో జరుగుతున్నది అదే. పాదం పెడల్‌ను ముందుకు ఎంత బలంతో నెడుతుందో, వీపు కుర్చీని వెనక్కి అంతే బలంతో నెడుతుంది. పెడల్స్ కింద నున్నటి టైల్స్, కుర్చీ కింద చక్రాలు. రెండింటినీ ఆపే బాధ్యత నేల మీదే పడింది, నేల ఆపలేకపోతోంది.

ఎందుకు ఆపలేకపోతోందో అంకెల్లో చూద్దాం. ఇక్కడ అంకెలు వేసుకుంటే వృథా ఖర్చు చాలా తప్పుతుంది. మీ పెడల్స్ బరువు 3 కిలోలు అనుకుందాం. లాజిటెక్ జీ29 వంటి సెట్ల పెడల్స్ దాదాపు అంతే ఉంటాయి. శుభ్రమైన టైల్ మీద రబ్బరుకు ఘర్షణ గుణకం 0.6 అనుకుందాం. అంటే నేల మీద ఎంత బరువు పడుతుందో అందులో 60 శాతం అడ్డు నెట్టుడును మాత్రమే నేల ఆపగలదు. పెడల్స్ సొంత బరువుతో ఆగేది 1.8 కిలోల నెట్టుడు. ఇప్పుడు మీ కాలు 20 కిలోల బలంతో, నేలకు 30 డిగ్రీల వాలులో కిందికి నొక్కుతోందనుకోండి. అందులో 10 కిలోలు నేలవైపు, 17 కిలోలకు పైగా ముందువైపు పోతాయి. నేలవైపు పడిన 10, పెడల్స్ బరువు 3, మొత్తం 13 కిలోలు. దానిలో 60 శాతం 7.8. ముందుకు నెట్టేది 17, ఆపేది 8 కూడా లేదు. కనుక జారుతుంది. బరువు పెట్టి ఆపాలంటే పెడల్స్ మీద ఇంకో 16 కిలోలు మోపాలి. లోడ్ సెల్‌తో మీరు 50 కిలోలు నొక్కే రోజు వస్తే అదే లెక్కన దాదాపు 44 కిలోల అదనపు బరువు కావాలి. కొత్త పెడల్స్ పాతవాటికన్నా రెండు మూడు కిలోలు బరువు ఎక్కువైనంత మాత్రాన ఏమీ మారదని ఇప్పుడు మీకే తెలుస్తుంది.

ఇదే లెక్కలో మనకు పనికివచ్చే సంగతి ఇంకొకటి ఉంది. కాలి నెట్టుడు ఎంత నిట్టనిలువుగా పడితే జారడం అంత తగ్గుతుంది. ఒక హద్దు దాటి నిలువైతే ఎంత బలంగా తొక్కినా జారనే జారదు, ఎందుకంటే తొక్కే బలమే పెడల్స్‌ను నేలకు అదిమి పెడుతుంది. గుణకం 0.6 ఉంటే ఆ హద్దు నిలువు గీత నుంచి సుమారు 31 డిగ్రీలు. దుమ్ము పట్టి గుణకం 0.3కు పడిపోతే 17 డిగ్రీలే. మంచి రబ్బరు శుభ్రమైన నేల మీద గట్టిగా పట్టి గుణకం 1 దాకా వస్తే 45 డిగ్రీలు. అంటే నేల తుడవడం, కుర్చీ ఎత్తు పెంచడం, పెడల్స్‌ను దగ్గరికి తెచ్చుకోవడం ఒకదానికొకటి తోడవుతాయి. కుర్చీని కొంచెం పైకి లేపి, పెడల్స్‌ను ఒక జానెడు దగ్గరికి లాక్కుంటే కొందరికి ఈ బాధ చాలావరకు తీరిపోతుంది. తొడలు బల్లకు తగులుతున్నాయా, మోకాలు మరీ ముడుచుకుపోతోందా అన్నది చూసుకోండి. బ్రేక్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలిలో ఇంకా కొంత వంపు మిగిలి ఉండాలి. కాలు నిటారుగా చాచి తొక్కితే పట్టు పోతుంది, నడుముకూ మంచిది కాదు.

నేల శుభ్రత మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ దాన్ని దాటవేయకండి. రబ్బరుకు, టైల్‌కు మధ్య చేరిన సన్నటి దుమ్ము చిన్న చిన్న గోళీల్లా పనిచేసి పట్టును తీసేస్తుంది. పెడల్స్‌ను తిరగేసి అడుగున ఉన్న రబ్బరు ముక్కలను తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. వాటి మీద తళతళలాడే పొర ఏర్పడి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి రుద్దండి. నేలను కూడా అలాగే తుడవండి. మెరుపు కోసం వేసే పాలిష్, మైనం ఆ భాగంలో వద్దు. మీరు టేపు వేసిన చోట మిగిలిన జిగురు మీద దుమ్ము చేరి పట్టు ఇంకా తగ్గిపోయి ఉంటుంది. దాన్ని కూడా ఆల్కహాల్‌తోనే తీయవచ్చు. కొద్దికొద్దిగా తడిపి, కాసేపు నాననిచ్చి, ప్లాస్టిక్ కార్డు అంచుతో గీకండి. నూనె రాసి తీసే పద్ధతి కూడా ఉంది, కానీ ఆ తర్వాత సబ్బు నీళ్లతో బాగా కడగకపోతే నేల మునుపటికన్నా ఎక్కువ జారుతుంది. టైల్ కాక పాలరాయి అయితే నూనె పీల్చుకుని మరక పడుతుంది కనుక దాని జోలికే వెళ్లకండి.

మీ సెట్ అడుగున ముందువైపు చిన్న పళ్లున్న పట్టీ ఏదైనా ఉందేమో చూడండి. జీ29లో అలాంటిది ఉంది. అది తివాచీలో గుచ్చుకోవడానికి పెట్టినది. గట్టి నేల మీద ఆడేటప్పుడు దాన్ని లోపలికి మడిచి ఉంచాలి. బయటికి తెరిచి ఉంటే గట్టి ప్లాస్టిక్ అంచు నేలకు ఆని, రబ్బరు ముక్కలు సరిగా ఆనవు.

ఇక అసలు ఉపాయం. నేలతో కుస్తీ పట్టడం మానేసి, పెడల్స్‌ను కుర్చీకే కట్టేయండి. పాదం ముందుకు నెట్టే బలం, వీపు వెనక్కి నెట్టే బలం సమానమని చెప్పాను కదా. ఆ రెండింటి మధ్య ఒక గట్టి పట్టీ ఉంటే ఒకదాన్ని ఒకటి లాక్కుని అక్కడికక్కడే తీరిపోతాయి. నేలకు పని మిగలదు. కట్టిన తర్వాత కుర్చీ, పెడల్స్ కలిసి ఒకే వైపు పోతాయేమోనన్న సందేహం రావచ్చు. పోవు. మీరు కూర్చున్న బండిని మీరే లోపలి నుంచి నెట్టి కదిలించలేరు, ఇదీ అంతే. స్టీరింగ్ తిప్పే చేతుల వల్ల వచ్చే కొద్దిపాటి కదలికను పెడల్స్ అడుగు రబ్బరే ఆపుతుంది.

పట్టీగా మంచం నవారు లాంటి సాగని అల్లిక పట్టీ కావాలి. సామాను కట్టడానికి వాడే బకిల్ ఉన్న పట్టీలైతే మరీ మంచిది, ఎందుకంటే పొడవు సరిచేసుకోవచ్చు, ఒక్క నొక్కుతో విప్పేయవచ్చు. సాగే రబ్బరు తాళ్లు వద్దు. అవి పెడల్స్‌ను పోనిచ్చి మళ్లీ వెనక్కి లాగుతాయి, బ్రేక్ తొక్కిన ప్రతిసారీ కాలి కింద నేల ఊగినట్టుంటుంది. ఒక పట్టీ సరిపోదు, రెండు తీసుకోండి. పెడల్స్ దిమ్మకు ఎడమ చివర ఒకటి, కుడి చివర ఒకటి తగిలించండి. మధ్యలో ఒకటే కడితే, బ్రేక్ ఒక పక్కన ఉంటుంది కనుక తొక్కినప్పుడల్లా దిమ్మ మెలితిరుగుతుంది. దిమ్మకు పట్టీ తగిలించే చోటు లేకపోతే దాని ముందు అంచు చుట్టూ, అంటే మీకు దూరంగా ఉన్న అంచు వెనుక నుంచి, పట్టీని తిప్పి రెండు కొసలూ మీవైపు తెచ్చుకోండి. పట్టీ పైకి జారిపోకుండా రెండు చోట్ల బలమైన టేపుతో దిమ్మకే అంటించవచ్చు. ఇక్కడ టేపు మీద లాగుడు పడదు, పట్టీని దాని చోట ఉంచడమే దాని పని, కనుక ఊడదు. వైరు పట్టీ కింద నలగకుండా చూడండి.

కుర్చీవైపు కొస ఎక్కడ కడతారన్నది ముఖ్యం. ఆఫీసు కుర్చీకి కింద నక్షత్రంలా అయిదు కాళ్లుంటాయి. మధ్య స్తంభానికి కట్టేస్తే కుర్చీ వెనక్కి పోదు గానీ ఆ నక్షత్రం తన చుట్టూ తాను తిరుగుతుంది. ముందువైపు వచ్చే రెండు కాళ్లకు చెరో పట్టీ, స్తంభానికి దగ్గరగా వేయండి. అప్పుడు తిరగడం కూడా ఆగుతుంది. పట్టీలు నేలకు వీలైనంత దగ్గరగా, సమాంతరంగా ఉండాలి. కుర్చీ కొస ఎత్తుగా ఉంటే పట్టీ పెడల్స్‌ను పైకి లేపుతుంది, ఉన్న పట్టు కాస్తా పోతుంది. సీటుకు, చేతులు ఆనించే కమ్మీలకు మాత్రం ఎప్పుడూ కట్టకండి.

పొడవు సరిచూసుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. పట్టీలు వదులుగా ఉంచి, మీకు హాయిగా అనిపించే చోట కూర్చుని, బ్రేక్ పూర్తిగా తొక్కి పట్టుకోండి. మీ వల్ల కుర్చీ వెనక్కి పోకుండా ఇంకొకరు వెనుక నుంచి పట్టుకోవాలి. ఆ స్థితిలో పట్టీలు బిగించి, బకిల్ దగ్గర పెన్నుతో గీత పెట్టుకోండి. రోజూ తీసి పక్కన పెట్టాలన్నారు కదా, మర్నాడు ఆ గీత దాకా బిగిస్తే చాలు, నిన్నటి దూరమే ఈ రోజూ వస్తుంది. కట్టడానికి నిమిషం, విప్పడానికి అర నిమిషం. నేలకు ఏ గుర్తూ మిగలదు. మీరు చెప్పిన గదికి ఇంతకన్నా తగిన పద్ధతి నాకు తెలియదు.

కట్టిన తర్వాత కుర్చీలోనే దాగిన ఇంకో దొంగను పట్టుకోవాలి. వీపు వెనక్కి వాలే కుర్చీ అయితే ఆ వాలుడును బిగించేయండి. లేకపోతే మీరు బ్రేక్ మీద పెట్టే బలంలో కొంత వీపు పలకను వెనక్కి వంచడానికి పోతుంది. పెడల్స్ కదలవు, కుర్చీ కదలదు, అయినా కాలికి నిలకడ దొరకదు. కారణం తెలియక పెడల్ స్ప్రింగును తిట్టుకునేవారు ఉన్నారు. సీటు కింద మీట ఉంటుంది, దాన్ని నిటారు స్థితిలో పెట్టి బిగించండి. వీపుకూ పలకకూ మధ్య మెత్తటి దిండు ఉంటే అది కూడా తీసేయండి.

చక్రాల సంగతి. పట్టీ ఉంటే వాటిని ఏమీ చేయనవసరం లేదు, కానీ పట్టీ కట్టడం ఇష్టం లేనివారు చక్రాలను లాగి తీసి, వాటి చోట కదలని దిమ్మలు బిగించుకోవచ్చు. చాలా ఆఫీసు కుర్చీల చక్రాలు కాడతో గుచ్చి ఉంటాయి, గట్టిగా లాగితే వస్తాయి. రబ్బరు గిన్నెల్లో చక్రాలు కూర్చోబెట్టడం ఇంకో దారి. పాత బూట్లలో ఒక్కో చక్రాన్ని దించి ఆడేవారు కూడా ఉన్నారు, అది నిజంగానే పనిచేస్తుంది. అన్నిటికన్నా సులువు, అసలు చక్రాలే లేని నాలుగు కాళ్ల గట్టి కుర్చీ. దాని మీద 60 కిలోల మనిషి కూర్చుంటే, కాళ్లకు రబ్బరు తొడుగులుంటే, పై లెక్కన కుర్చీ ఒక్కటే దాదాపు 36 కిలోల నెట్టుడుకు నిలబడుతుంది. బరువు మనిషిదే. అదనంగా తెచ్చి పెట్టేది ఏదీ లేదు.

మీ బల్ల గోడకు ఆని ఉంటే గోడ కూడా సాయం చేస్తుంది. పెడల్స్ ముందు అంచుకూ గోడకూ మధ్య ఉన్న ఖాళీని కొలిచి, అంత పొడవున్న చెక్క దుంగ ఒకటి పడుకోబెట్టండి. గోడకు తగిలే కొసకు రబ్బరు ముక్క గానీ మందపాటి గుడ్డ గానీ చుట్టండి. పెడల్స్ ముందుకు పోయే దారి మూసుకుపోతుంది. అయితే చక్రాల కుర్చీని అలాగే వదిలేసి గోడను నమ్ముకుంటే సగం పనే అయినట్టు, పెడల్స్ ఆగిన కొద్దీ కుర్చీ ఇంకా వేగంగా వెనక్కి పోతుంది. గోడను నాలుగు కాళ్ల కుర్చీతో కలిపి వాడాలి.

పట్టీ కన్నా గట్టి ఏర్పాటు కావాలనుకుంటే ప్లైవుడ్ పలక. కుర్చీ కింది నుంచి పెడల్స్ దాకా వచ్చే పొడవు, కుర్చీ కాళ్లంత వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం. ముందు భాగంలో పెడల్స్‌ను బిగించి, కుర్చీ చక్రాలు ఆగే చోట వాటి వెనుక అడ్డంగా ఒక చెక్క బద్ద స్క్రూలతో బిగించాలి. బద్ద చక్రాల వెనుకే ఉండాలని మళ్లీ చెబుతున్నాను, ముందు బిగించి ఉపయోగం లేదని తర్వాత విప్పిన వారిని చూశాను. బ్రేక్ తొక్కినప్పుడు కుర్చీ పోయేది వెనక్కే. మీ బరువంతా ఆ పలక మీదే ఉంటుంది, పలక లోపలే బలాలు తీరిపోతాయి, నేలకు రంధ్రం పడదు. ఆట అయ్యాక పలకను గోడకు నిలబెట్టేయవచ్చు. చాలా పెడల్ సెట్ల అడుగున బోల్టు రంధ్రాలు ఉంటాయి. సెట్‌తో వచ్చిన పుస్తకంలో వాటి కొలత, లోతు చూసి, పలక మందం కలుపుకుని బోల్టు పొడవు ఎంచుకోండి. పొడవు ఎక్కువైతే లోపలి భాగాలకు తగిలి పాడవుతాయి. పలక అడుగున పలుచటి రబ్బరు పరిస్తే నేల మీద గీతలు పడవు, కింది అంతస్తులో ఉండేవారికి చప్పుడూ తగ్గుతుంది.

చాపల గురించి చాలామంది అడుగుతారు. పెడల్స్ కింద మాత్రమే పరిచిన చిన్న చాప పెద్దగా సాయం చేయదు. పెడల్స్ చాప మీద నిలబడతాయి, చాప నేల మీద జారుతుంది. చాప పొడవుగా ఉండి, దాని వెనుక సగం మీద కుర్చీ కాళ్లు నిలబడితే కథ వేరు. మీ బరువే చాపను నేలకు అదిమి పెడుతుంది, పెడల్స్ నెట్టుడు చాప గుండా మీ కిందికే తిరిగి వస్తుంది. అది పట్టీ చేసే పనే. అందుకు సాగని, పలుచటి, గట్టి చాప కావాలి. మెత్తటి యోగా చాప సాగి, ముడతలు పడుతుంది. అడుగున రబ్బరున్న చాపను వినైల్ నేల మీద రోజుల తరబడి వదిలేయకండి, పోని పసుపు మరకలు పడతాయి. టైల్స్‌కు ఆ భయం లేదు.

టేపు ఎందుకు ఓడిపోయిందో కూడా చెప్పాలి, మీరు మళ్లీ ఇంకో రకం జిగురు వైపు వెళ్లకుండా. రెండు వైపులా అంటుకునే టేపు ఊరికే పట్టి ఉంచడానికి బాగానే ఉంటుంది. పదే పదే పక్కకు నెట్టే బలం పడితే జిగురు కొద్దికొద్దిగా పాకుతుంది, పాకిన చోట దుమ్ము చేరుతుంది, ఒకనాడు ఊడుతుంది. గాజుకు అంటుకునే రబ్బరు చూషకాలు కూడా అంతే, పైగా టైల్స్ మధ్య గీత మీద గానీ గరుకు టైల్ మీద గానీ అవి గాలి చొరబడకుండా అంటుకోలేవు.

మడమను ఎక్కడ పెడుతున్నారో ఒకసారి గమనించండి. పెడల్స్ దిమ్మకు వెనుక మడమ ఆనించే పలక ఉంటే మడమ దాని మీదే ఉండాలి. పెడల్ పైభాగాన్ని ముందుకు నెట్టినప్పుడు దిమ్మ ముందు అంచు మీద తిరిగి వెనుక భాగం లేవాలని చూస్తుంది. మడమ బరువు దాన్ని కిందికి పట్టి ఉంచుతుంది. మడమ నేల మీద ఉంటే ఆ సాయం పోతుంది.

ఇంత చేస్తున్నప్పుడు ఆటలోని అమరికలను కూడా వదలకండి. కొందరి బ్రేక్ చివరి పావు వంతు ప్రయాణం చాలా గట్టిగా ఉంటుంది, జీ29 బ్రేక్‌లో రబ్బరు దిమ్మ ఉండటం వల్ల అలా ఉంటుంది. అక్కడిదాకా వెళ్లడానికే వారు ఒంటి బలమంతా పెడతారు. పెడల్ 85 శాతం దాకా దిగితే ఆట దాన్ని 100 శాతంగా తీసుకునేలా కాలిబ్రేషన్ చేసుకోండి. అసెట్టో కోర్సా కాంపిటిజియోనే అనే ఆటలో బ్రేక్ గామా అని, ఐరేసింగ్ అనే ఆటలో బ్రేక్ ఫోర్స్ ఫ్యాక్టర్ అని అమరికలున్నాయి. అవి పెడల్ ప్రయాణంలో ఏ భాగానికి ఎంత బ్రేక్ పడాలో మారుస్తాయి. కాలికి సహజంగా వచ్చే బలంతోనే ఆటలోని కారు చక్రాలు బిగుసుకునే అంచు దాకా వెళ్లగలిగితే, పట్టీ మీద పడే లాగుడు కూడా తగ్గుతుంది.

పెడల్స్ నిలబడటం గురించి నేను ఇంత పట్టు పట్టడానికి కారణం ఉంది. మలుపులోకి దిగుతూ బ్రేక్‌ను కొద్దికొద్దిగా వదలడం ఈ ఆటలో అన్నిటికన్నా కష్టమైన విద్య. అది కళ్లతో నేర్చుకునేది కాదు, పిక్క, చీలమండ కలిసి గుర్తుపెట్టుకునేది. పెడల్ ల్యాపుకు ఒక అంగుళం దూరం జరిగితే నిన్న నేర్చుకున్న కొలత ఈ రోజుకు తప్పవుతుంది. మీరు నాలుగు నెలలుగా ఆడుతున్నారు. ఈ నాలుగు నెలల్లో మీ బ్రేకింగ్ నిలకడగా రాలేదనిపిస్తే, అది మీ చేతకానితనమని అనుకోకండి. కదిలే పెడల్‌తో ఎవరికీ రాదు.

పట్టీలు కట్టి, వీపు పలక బిగించి, కాగితపు గుర్తులు కొత్తగా పెట్టి, ఒకే ట్రాక్ మీద ఒకే కారుతో 20 ల్యాపులు నడపండి. గుర్తుల నుంచి పెడల్స్ గానీ చక్రాలు గానీ జరిగితే ముందు పట్టీ ఎత్తు చూడండి, తర్వాత రబ్బరు తుడవండి. అయిదారు రోజులు వరుసగా గుర్తుల మీదే నిలిస్తే, అప్పుడు లోడ్ సెల్ సెట్ గురించి మళ్లీ రాయండి. మీ కాలు పూర్తి బ్రేక్‌కు సౌకర్యంగా ఎన్ని కిలోలు పెట్టగలదో స్నానాల గదిలో వాడే తూకం యంత్రాన్ని గోడకు ఆనించి, కుర్చీలో కూర్చుని పాదంతో నొక్కి చూసి ఆ అంకె కూడా రాయండి. ఏ గట్టిదనం ఉన్న స్ప్రింగులు మీకు సరిపోతాయో దాన్ని బట్టి చెబుతాను.